బండిని రుచి చూసే అత్త

ముందు వార్త. నేను పాసయ్యాను. బీఎస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాస్. శ్రీకాకుళం ఒడ్డున ఉండిపోయిన మా వాళ్ళలో గానీ, ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చేసిన మా వాళ్ళలో గానీ, డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషిని నేనే. ఫోన్లో రిజల్ట్ కనబడీ కనబడగానే నెట్ పోయింది. మళ్ళీ వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని, రెండోసారి చూసుకుని, డిగ్నాబాద్ వాలు దిగుతూ కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేశాను. కిరాణా భయ్యాకి చెప్పాను. నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్‌కి చెప్పాను. అతను తమిళుడు, ఆ సంబరంలో తెలుగులోనే చెప్పేశాను. అయినా అర్థమైనట్టు నవ్వి చెయ్యి కలిపాడు.

చెప్పాల్సిన మనిషికి మాత్రం చెప్పలేకపోయాను. ఆవిడ పోయి ఇరవై రోజులైంది. పొద్దున ఛాతీలో నొప్పంటే ఆస్పత్రికి తీసుకెళ్ళారు, సాయంత్రానికి లేదు.

చెప్పాల్సిన మనిషి అంటే ప్రేమ కొద్దీ అనుకునేరు. కాదు. ఈ వార్త విని ఆవిడ ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం నన్ను చూసి కుళ్ళుకోవాలి. దానికోసం తొమ్మిదేళ్ళు చదివాను.

ఆవిడ పేరు రాయను. వాడంతా బండి దీదీ అనేది. మా నాన్నకి వరసకి అప్ప, అంటే పెద్దక్క. నాకు అత్త. మా ఇళ్ళ వరసలో చివరి గదీ, దాని పక్కన నాలుగు గుంజల మీద రేకు కప్పిన పందిరీ ఆవిడవి. గదిలో ఆవిడ ఉండేది, పందిట్లో బండి ఉండేది. రెండింట్లో ఏది ఇల్లో, ఏది షెడ్డో కొత్తగా వచ్చినవాళ్ళకి తెలిసేది కాదు.

మా దగ్గర ఇనుము బతకదు. కొత్త గేటుకి రెండు వానలు వెళ్ళేసరికి చిల్లులు. కిటికీ ఊచ పట్టుకుంటే పొరలు పొరలుగా చేతిలోకి ఊడొస్తుంది. మోటార్ సైకిల్ సైలెన్సర్ మూడో ఏడు రేకు, నాలుగో ఏడు జ్ఞాపకం. అలాంటి చోట అత్త బండి, అదీ మోటార్ సైకిలే, పద్నాలుగేళ్ళది. అది కూడా ఊరికే నిలబెట్టిన బండి కాదు. రోజూ వండూర్ వెళ్ళి, పడవలు రాగానే చేప ఎత్తుకుని, ఐసుపెట్టె వెనక కట్టుకుని, డాలీగంజ్‌లో ఇంటింటికీ అమ్మి తిరిగొచ్చే బండి. ముందునుంచి సముద్రపు గాలి, కిందనుంచి ఇసక, వెనకనుంచి చేపల ఐసు కరిగిన నీళ్ళు. తుప్పుకి ఇంతకంటే పెద్ద విందు ఉండదు. అయినా దాని హ్యాండిల్‌లో మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. నేను దిద్దుకున్నాను కూడా, ఆవిడ లేనప్పుడు.

ఐసుపెట్టె అడుగున బెజ్జం పెట్టి, దానికి రబ్బరు పైపు తగిలించి, చక్రానికి జానెడు ఎడంగా వెనక్కి వదిలింది. అందుకని ఆవిడ వచ్చిన దారంతా రోడ్డు మీద సన్నటి తడిగీత పడేది. ఆ గీత పట్టుకుని మూడు పిల్లులు వెనకే వచ్చేవి.

బండి స్టాండు వెయ్యగానే ఆవిడ మొదటి పని, రుచి చూడడం. చూపుడువేలు ట్యాంకు మీద రాసి నాలిక మీద పెట్టుకునేది. కూరలో ఉప్పు చూసినట్టే, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగేది. తర్వాత చైను దగ్గర. తర్వాత వంగి, స్పోకులు చక్రం నడుమ కలిసే చోట. "ట్యాంకు మీద సూసి మురిసిపోకండి. ఉప్పు మొహం మీద కూకోదు, సందుల్లో కూకుంటాది" అనేది. ఉంటే "ఉంది" అనేది. చెంబుతో మంచినీళ్ళు పోసి కడిగి, పాత లుంగీతో తుడిచి, లోపలి తడి ఆరేదాకా ఇంజిను తిప్పి, మళ్ళీ వేలు, మళ్ళీ నాలిక. "నేదు" అనేదాకా చాయ్ తాగేది కాదు.

ఆదివారం పూతలు. బోల్టు తలలకి గ్రీజు. స్పోకులకి కరిగించిన కొవ్వొత్తి మైనం. కింద ఫ్రేముకి వాడేసిన ఇంజినాయిల్లో చేపనూనె కలిపి కుంచెతో పట్టు. చేపనూనె మా వాళ్ళు శ్రీకాకుళం ఒడ్డున పడవలకి రాసేది. "కర్రని కాసింది ఇనుముని కాయదేటి?" అనేది. కాసిందో లేదో గానీ, సోమవారం పొద్దున్న పిల్లులు మూడూ బండి కింద పడుకుని ఫ్రేము నాకుతూ ఉండేవి. సగం పాలిష్ వాటిదే అనేవాడు కిరాణా భయ్యా.

ఎండాకాలం మా వాడకి నీళ్ళు మూడు రోజులకోసారి వస్తాయి. ఆ మూడు రోజుల్లో కూడా బండికి రోజూ ఒక బకెట్ ఉండాల్సిందే. మా అమ్మకి ఒళ్ళు మండిపోయేది.

"ఏమొదినా, బండికి తలంటు, మనిషికి తడిగుడ్డా? కుంకుడుకాయ కూడా నానెట్టకపోయావా!"

"నాకు తుప్పట్టదు కదా మరదలా. ఆరుతాను, అంతే."

"పబ్లిక్ నీళ్ళమ్మా అవి!"

"పబ్లిక్‌వి నాను ముట్టనేదు. ఇవి ఆసమాన్ కా పానీ. నా రేకు మీద పడ్డాయి, నా డ్రమ్ములోకి దిగేయి. మీ రేకు మీద పడ్డయి ఎటెల్లేయో మరి, ఎతుక్కో."

అమ్మ తలుపు వేసుకుని లోపలికి వచ్చి, అప్పటికి తోచని జవాబులన్నీ గిన్నెలకి చెప్పేది. ఆవిడంటే అమ్మకి కుళ్ళు. నాకు అంతకంటే. అమ్మది నీళ్ళ దగ్గర. నాది నాన్న దగ్గర.

మా నాన్న పడవ మీద పనిచేస్తాడు. మాట చాలా పొదుపు. ఏడో తరగతిలో నేను క్లాస్ ఫస్ట్ వచ్చి ప్రోగ్రెస్ కార్డు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "సంతకం ఎక్కడెట్టాల?" అన్నాడు. అంతే. ఆ సాయంత్రమే అత్త పందిట్లో గొంతుక్కూచుని, చైను లింకు లింకూ వేలితో కదుపుతూ, "అప్పా! ఏటిది, కొత్తదా? బాప్‌రే! కొత్తదే ఇది!" అన్నాడు. కొత్తది కాదు, రెండు వానాకాలాలు చూసిన చైను. నాన్న నోట ఒకేసారి అన్ని మాటలు నేను అదే వినడం. గుమ్మంలో ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని నిలబడి విన్నాను.

మర్నాడు జెట్టీ దగ్గరకి వెళ్ళి, లీటరు సీసా నిండా సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చి, ఎవరూ లేనప్పుడు ఆ చైను మీద పోశాను. చివరి చుక్క దాకా. సీసా విదిలించి మరీ పోశాను.

ఆ మర్నాడు అత్త బండి తియ్యబోతూ అలవాటుగా వేలు రాసి నాలిక మీద పెట్టుకుంది. ఆగిపోయింది. ఇంకోసారి పెట్టుకుంది. అటూ ఇటూ చూసింది. గుమ్మంలో నేనున్నాను.

"ఏటే గుంటా, ఇలగ్ రా."

వెళ్ళాను. నా వేలు పట్టుకుని చైనుకి రాసింది.

"నాలిక మీదెట్టు."

పెట్టుకున్నాను.

"ఏటుంది?"

"ఉప్పు."

"గాలి ఉప్పు ఇంత ఘాటుగా ఉండదు. మరి సముద్రం ఇక్కడిదాకా నడిసొచ్చిందా?"

మగ్గు నా చేతిలో పెట్టి తను పక్కన కూచుంది. ఆరోజు వండూర్ వెళ్ళడం మానేసింది. నేను చైను కడిగాను, తుడిచాను, రుచి చూశాను. "ఉందా?" "ఉంది." మళ్ళీ కడిగాను. మధ్యాహ్నానికి డ్రమ్ము సగమైంది, నా నాలిక మీద గ్రీజు రుచి రెండు రోజులు పోలేదు. నేను "లేదు" అన్నాక ఆవిడ కూడా ఒకసారి చూసి, "నేదు. ఎల్పో" అంది.

నాన్నకి చెప్పలేదు. చెప్తుందని వారం రోజులు చూశాను. చెప్పి ఉంటే బాగుండేది. కనీసం ఒక పూట నాన్న నా గురించి మాట్లాడేవాడు.

ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఎక్కడైనా సంతకం అంటే వేలిముద్రే. కానీ ఆదివారం పందిరి ముందు చూడాలి. ఆఫీసు వాళ్ళు, బీచ్ దగ్గర బళ్ళు అద్దెకిచ్చే కుర్రాళ్ళు, అందరూ వచ్చి "దీదీ, ఇది చూడండి", "దీదీ, ఇదేం చెయ్యమంటారు". ఒకసారి మా సైన్స్ మాస్టారు స్కూటర్ తోసుకుంటూ వచ్చారు. క్లాసులో మమ్మల్ని లేచి నిలబడమనే మాస్టారు ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆవిడ స్కూటర్ అడుగున గోరుతో గీకి, రాలిన పెచ్చు ఆయన అరచేతిలో పెట్టి, "ఇంక దీనికి మందు నేదు మాస్టారూ. ఉన్నన్నాళ్ళు ప్రేమగా సూసుకోండి" అంది. ఆయన బుద్ధిగా తలూపారు. నేను కెమిస్ట్రీ తీసుకోవాలని ఆరోజే అనుకున్నాను. ఇంటర్వ్యూల్లో వేరే కారణం చెప్తాను లెండి.

డిగ్రీ రెండో ఏడు క్లాసులో తుప్పు పాఠం వచ్చింది. నా బతుకులో అంత శ్రద్ధగా ఏ పాఠమూ వినలేదు. కాలేజీ నుంచి తిన్నగా పందిట్లోకి వెళ్ళాను. ఆదివారం కాకపోయినా ఇద్దరు ముగ్గురు బళ్ళతో ఉన్నారు. నాకు అదే కావాలి.

"అత్తా, తుప్పు అంటే ఏంటో తెలుసా? ఐరన్ ఆక్సైడ్." నోట్సులో కాగితం మధ్యలో పెద్దగా రాశాను. ఎఫ్, ఈ, కింద చిన్న రెండు. ఓ, కింద చిన్న మూడు.

ఆవిడ కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. "పేరెట్టీసినావు. ఇప్పుడు ఆగమంటే ఆగుతాదేటి?"

అందరూ నవ్వారు. ఆవిడని చూసి కాదు, నన్ను చూసి. నాకు రోషం వచ్చింది. కాగితం చింపి బండి సీటు మీద పెట్టి, "ఉంచుకో అత్తా, తీరిగ్గా చదువుకో" అన్నాను. ఆవిడకి చదువు రాదని అక్కడ తెలియనివాళ్ళు లేరు. నవ్వు ఆగిపోయింది.

ఆవిడ ఆ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, "ఆయిల్ పుల్ల తుడుసుకోడానికి పనికొస్తాది" అని బండి పక్క డబ్బాలో, స్పానర్లు పెట్టుకునే చోట పడేసింది. నేను ఓడిపోయాననే ఇంటికెళ్ళాను.

అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేదు. ఆ వానాకాలం నాయనమ్మకి బాగోలేదని నాన్న తన బండి వాకిట్లో వదిలి రెండు నెలలకి మెయిన్‌లాండ్ వెళ్ళాడు. "నీ బండి నేను చూసుకుంటాను నాన్నా. అది నా సబ్జెక్టు" అన్నాను. గాలీ నీరూ తగిలితేనే కదా తుప్పు? తగలకుండా చేస్తే సరి. మా దీవుల్లో దేన్ని కాపాడాలన్నా నీలం టార్పాలిన్ కప్పేస్తాం కదా, పడవ ఇంజినుకైనా పెళ్ళి పందిరికైనా. నాన్న పడవది కొత్త పట్టా తెచ్చి, బండికి చుట్టూ చుట్టి, కింద కూడా మడిచి, చీమ దూరకుండా తాళ్ళు బిగించాను. అప్పుడే వాన వెలిసింది, బండి ఇంకా తడిగానే ఉంది. అది నేను లెక్కలోకి తీసుకోలేదు.

అత్త అటు వెళుతూ ఆగింది. "తడి లోపలెట్టి మూతెట్టకే గుంటా. ఊపిరాడనీ. అన్నం గిన్నె మీద మూత తీసి సూడు, ఎన్ని సుక్కలుంటాయో."

నేను ఇంకో ముడి వేశాను.

నాన్న వచ్చిన రోజు వాడంతా చూస్తుండగా నేనే తాళ్ళు విప్పాను. పట్టా ఎత్తగానే వెచ్చటి బూజు వాసన కొట్టింది. పట్టా లోపలివైపు చుక్కలు, వరసలు వరసలుగా, అన్నం గిన్నె మూత మీద ఉన్నట్టే. బండి ఇటుక రంగులో ఉంది. చైను ఒక చోట పట్టుకుని ఎత్తితే మొత్తం కర్రలా లేచింది.

"ఏటైందమ్మా?" అన్నాడు నాన్న. తిట్టలేదు. పొదుపు మనిషి కదా.

అత్త వస్తోంది. ఒక చేతిలో కిరసనాయిలు సీసా, ఇంకో చేతిలో తీగ బ్రష్షు. నేను సిద్ధమైపోయాను. మూత సంగతి ఎత్తుతుంది, మాట పడాలి, పడతాను అనుకున్నాను. ఆవిడ నా వైపు చూడనైనా లేదు.

"ఈ ఏడు గాలి మంచిది కాదురా తమ్ముడూ. నాదీ తుప్పట్టింది" అంది.

పట్టలేదు. ఇరవై అడుగుల దూరంలో పందిట్లో ఆ బండి మెరుస్తూనే ఉంది. నాన్న కూడా అటు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఇద్దరూ కూచుని సాయంత్రం దాకా లింకు లింకూ విడదీశారు. ఆరోజు ఒక్క మాట అన్నా ఆవిడ మీద నా కోపానికి ఒక ఆధారం ఉండేది. అదీ ఇవ్వలేదు.

ఇక మొన్నటి సంగతి. రిజల్ట్ చూసుకుని, ఊరందరికీ చెప్పుకుంటూ ఇంటికొచ్చి, వల బాగుచేస్తున్న నాన్న ముందు నిలబడి చెప్పాను. నాన్న చేతిలో సూది ఆగింది. నా మొహంలోకి చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచాడు. అప్పుడు అన్న మొదటి మాట ఇది: "అరెరే, అప్ప ఇనకపోయింది."

నా డిగ్రీ. నా ఫస్ట్ క్లాస్. మొదటి వాక్యం ఆవిడది!

తిన్నగా పందిట్లోకి వెళ్ళాను. ఎందుకెళ్ళానో దాచను. తుప్పు చూడాలని వెళ్ళాను. ఇరవై రోజులుగా వాన, సముద్రపు గాలి, కడిగే మనిషి లేదు. మెయిన్‌లాండ్ నుంచి ఆవిడ సొంత తమ్ముడి కొడుకు ఎప్పుడో వచ్చి తీసుకెళ్తాడని బండి అలాగే నిలబడి ఉంది. ఆ హ్యాండిల్ మీద ఒక్క గోధుమరంగు చుక్క కనబడితే చాలు, ఇంటికి వెళ్ళి లడ్డూ తినేదాన్ని.

చుక్క లేదు. ట్యాంకు మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు.

నాన్నే, అనుకున్నాను. వల పక్కన పెట్టి రోజూ వచ్చి కడుగుతున్నాడు. అప్పుడే వెనక బకెట్ చప్పుడైంది. చూస్తే మా అమ్మ. చీర దోపుకుని, భుజం మీద ఆ పాత లుంగీతో.

"నువ్వా!"

"నానే. ఏటి?" అంది అమ్మ, పట్టుబడ్డ మొహం పెట్టి. "ఆ అబ్బాయికి టికెట్టు దొరికేసరికి ఇంకెన్నాళ్ళో. తుప్పట్టిన బండి అప్పజెప్తే మెయిన్‌లాండోళ్ళేటనుకుంటారు? అండమానోళ్ళు చేతకానోళ్ళనుకోరా?"

"నీళ్ళెక్కడివి?"

"నా తానం నీళ్ళు. నవ్వేవంటే సూడు." చెంబు ముంచుతూ అంది, "ఆ పక్క డబ్బాలో కాయితం ఒకటుంది. తుడుస్తుంటే సూసేను. నీ రాతలాగుంది, తీసి సూడు."

స్పానర్ల కింద నాలుగు మడతల కాగితం. పట్టుకుంటే చేతికి నున్నగా, బిరుసుగా తగిలింది. రెండువైపులా కొవ్వొత్తి మైనం. ఈ దీవుల్లో నా నోట్సులన్నీ ఏడాదికి చెమ్మెక్కి అంటుకుపోయాయి. ఇది మాత్రం రాసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మధ్యలో పెద్దగా నా రాత. ఎఫ్, ఈ, చిన్న రెండు. ఓ, చిన్న మూడు.

దాని కింద ఐసుపెట్టెల మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిల్‌తో, ఇంకెవరిదో రాత. మొదటి వరసలో ఎఫ్ వెల్లకిలా పడిపోయింది. రెండో వరసలో లేచింది గానీ వెనక్కి తిరిగింది. మూడో వరస. నాలుగో వరస. ఈ గుండ్రమైంది. అంకెలు మాత్రం అక్షరాలంత పెద్దవిగానే ఉన్నాయి, వాటి పక్కనే దర్జాగా నిలబడి. చివరి వరసలో, చాలాసార్లు దిద్ది దిద్ది కాగితం పలచబడ్డ చోట, రెండు చిన్నదై కిందకి దిగింది.

నేను ఆ వరసలు చూస్తూ కూచున్నాను. అది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పటి నుంచీ నాకు తెలిసిన వస్తువే. ఆవిడ నన్ను చూసి కుళ్ళుకుంది. ఒక్క క్షణం కాదు, పెన్సిల్ అరిగేదాకా. ఫస్ట్ క్లాస్ కన్నా పెద్ద వార్త అది. గెంతాలనిపించింది. గెంతలేదు.

"నన్నోసారి అడిగింది" అంది అమ్మ, స్పోకులు తుడుస్తూ. "'ఈ రెండెందుకు మరదలా కిందకి దిగిపోయింది?' అని. నాకేటి తెల్సు? మా గుంటనడుగు అన్నాను. 'అమ్మో, దాన్నా!' అని ఎల్లిపోయింది. ఇంతకీ ఎందుకే?"

"లెక్క అది. రెండు ఇనుము, మూడు గాలి కలిస్తే ఒక తుప్పు. ఎన్నున్నాయో అక్షరం కింద రాస్తారు."

"అంతేనా?"

"అంతే."

"ఈపాటి దానికి మైనం పూసి దాసుకుందా!" అమ్మ చెయ్యి ఆగింది. నా వైపు తిరిగింది. "వదిన నిన్నడిగుంటే సెప్పేదానివా?"

బోలెడు జవాబులు తోచాయి. అన్నీ మంచివే. కాగితం మళ్ళీ నాలుగు మడతలూ పెట్టాను.

"చెప్పేదాన్ని కాదు" అన్నాను.

అమ్మ స్పోకులు కలిసే చోట వేలు రాసి, నాలిక మీద పెట్టుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"ఉంది" అంది. "మగ్గందుకో."